సన్యాసిరావు పెళ్ళిచూపుల వేపుడు

నెల్లిపేటలో పిండిమర వీధి చివర ముగ్గురు అన్నదమ్ములుండేవారు. పెద్దవాడు సన్యాసిరావు, నడిపివాడు గవరయ్య, చిన్నవాడు పోలినాయుడు. పిండిమర వాళ్ళదే. ఊళ్ళో తెలివంటూ ఏదైనా ఉంటే అది తమ ఇంట్లోనే ఉందని వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకం వాళ్ళది, ఊరివాళ్ళది కాదు.

"మన ముగ్గుర్లో ఎవరికి తెలివెక్కువరా?" అని సన్యాసిరావు రోజూ పొద్దున్నే పళ్ళు తోముకుంటూ అడిగేవాడు.

"నీకే అన్నయ్యా. ముందు పుట్టావు, ముందు తీసుకున్నావు" అనేవాడు గవరయ్య.

"నేను చివర పుట్టాను. మిగిలిందంతా నాదే" అనేవాడు పోలినాయుడు.

ముగ్గురూ సంతోషంగా పుక్కిలించి ఉమ్మేవారు.

ఒకసారి మర నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. "కరెంటు పోయిందయ్యా" అన్నాడు జొన్నలు పట్టించుకోడానికి వచ్చినాయన. అంతే, ముగ్గురూ మూడు వైపులకి పరుగెత్తారు. ఒకడు చెరకుతోట దాకా వెతికాడు, ఒకడు రైలుగేటు దాకా. గంట తర్వాత కరెంటు దానంతటదే వచ్చింది. "చూశారా! మనం వెతుకుతున్నామని తెలిసి తిరిగొచ్చేసింది" అని సన్యాసిరావు మీసం దువ్వాడు.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, సన్యాసిరావుకి ముప్ఫయ్యారేళ్ళు వచ్చినా పెళ్ళి కాలేదు. "పేరే సన్యాసి, ఇంక పిల్లనెవరిస్తారు?" అని వీధంతా నవ్వేది. పక్కింటి దాలమ్మ పిన్ని మాత్రం నవ్వలేదు. వాళ్ళమ్మ పోయిన దగ్గర్నుంచి ఆ ముగ్గురికీ కూరా నారా అందిస్తున్నది ఆవిడే. ఆవిడే వెతికి వెతికి ఒక సంబంధం పట్టుకొచ్చింది. అమ్మాయి పేరు పైడితల్లి. బస్సు కండక్టరు.

ఆ పేరు వినగానే సన్యాసిరావు మొహం ఎర్రబడింది. ఆ అమ్మాయిని అతనొకసారి చూశాడు, చొక్కా మీద బిళ్ళలో పేరు కూడా చదివాడు. బస్సులో టికెట్టు ఇచ్చి, "ముందుకి జరగండి, ముందుకి జరగండి" అంది. ఎవరూ జరగలేదు. సన్యాసిరావు జరిగాడు. జరిగి జరిగి, ముందు తలుపులోంచి కిందికి దిగిపోయాడు. బస్సు వెళ్ళిపోయింది. ఊరికి నాలుగు మైళ్ళు నడిచొచ్చాడు. దారి పొడుగునా ఆ గొంతే చెవుల్లో వినిపించిందట.

పైడితల్లి ఒకే ఒక్క షరతు పెట్టింది. "డ్యూటీ దిగేసరికి నా ఒళ్ళు హూనమైపోతుంది. మళ్ళీ పొయ్యి దగ్గర నిలబడే ఓపిక ఉండదు. అరగంటలో ఏదో ఒకటి వండి పెట్టగలిగేవాడైతే చాలు. ఆదివారం సాయంత్రం నాన్నని తీసుకుని వస్తాను. తిని చూసి చెప్తాను."

ఇంకేముంది, ఆదివారం వచ్చేసింది. అన్నీ దగ్గరుండి చేయిద్దామనుకున్న దాలమ్మ పిన్ని ముందురోజే గడప తట్టుకుని పడి కాలు విరగ్గొట్టుకుంది. కాలికి కట్టుతో మంచం మీద ఉంది. అయినా ఆవిడ అధైర్యపడలేదు. మంచాన్ని ప్రహరీగోడ పక్కకి వేయించుకుంది. గోడ ఇవతల అన్నదమ్ముల వంటిల్లు. మనిషి కనబడదు గానీ గొంతు వీధి చివరికి కూడా వినబడుతుంది.

"ఒరే సన్యాసీ! పులుసులూ ఇగుర్లూ మీ వల్ల కాదు. పెనం వేపుడు చేద్దాం. పలచటి మాంసం ముక్కల్ని ఇనప పెనం మీద అటూ ఇటూ కాల్చి, అదే పెనం మీద కూరగాయలు వేయించి మాంసంలో కలిపెయ్యడమే. చిటికెలో అయిపోతుంది!"

అంతే, ముగ్గురూ చిటికె వేసి పెనంలోకి తొంగి చూశారు.

"అవలేదు పిన్నీ" అన్నాడు సన్యాసిరావు.

"ఏటి అవలేదు?"

"వేపుడు. ముగ్గురం గట్టిగానే వేశాం."

"ముందు సరుకులు కావాలి కదరా! గవరయ్యా, మస్తాను కొట్టుకెళ్ళి మెత్తటి మాంసం ఒక కేజీ కొట్టించుకు రా."

గవరయ్య సంచీ పట్టుకుని వెళ్ళాడు. మస్తాను కొట్టు దగ్గర పదిమంది నిలబడి ఉన్నారు. గవరయ్య తన వంతు రాగానే చొక్కా విప్పి, వీపు తిప్పి నిలబడ్డాడు.

"కొట్టు" అన్నాడు.

"ఎన్ని కేజీలు?" అన్నాడు మస్తాను.

"ఒక కేజీ. మెత్తగా కొట్టు. కొట్టించుకు రమ్మంది పిన్ని. కొట్టించుకోకుండా వెళ్తే ఊరుకోదు."

మస్తాను మంచివాడు. "నాకెందుకు బాబూ ఈ గొడవ, మాంసం పట్టుకెళ్ళు" అని బతిమాలాడు. గవరయ్య కదల్లేదు. వెనకున్నవాళ్ళకి చిరాకొచ్చింది. "మేం కొడతాంలే" అని ఒకాయన ముందుకొచ్చి రెండు తగిలించాడు. ఆయన వెనకాయన ఇంకొకటి తగిలించాడు.

గవరయ్య వీపు తడుముకుంటూ ఇంటికొచ్చి, "పిన్నీ, రెండు చాలనుకున్నాను, మూడు కొట్టారు. మంచి కొట్టు" అన్నాడు. సంచీలో కేజీ మాంసం కూడా ఉంది. మస్తాను పలచగా కోసి తనే వేసి పంపించాడు.

గోడ అవతల ఉన్న దాలమ్మకి ఇదేమీ అర్థం కాలేదు. "సరే, కూరగాయలు కడిగి ఆరెయ్యండి" అంది.

అంతే, పెరట్లో బట్టల తీగ మీద బీన్స్ ఒక్కొక్కటీ క్లిప్పులు పెట్టి ఆరేశారు. క్లిప్పులు అయిపోయాయి. క్యారెట్లు నిలబడ్డం లేదు, జారిపోతున్నాయి. పోలినాయుడు తన పంట్లాం తెచ్చి, నాలుగు జేబుల్లోనూ క్యారెట్లు కూరి, పంట్లాంని తీగ మీద ఆరేశాడు. ఉల్లిపాయల్నీ రెండు బుంగమిరపకాయల్నీ గవరయ్య బనీన్లో మూటకట్టాడు. బంగాళాదుంపలు ఎలా ఆరెయ్యాలో తోచక వాటిని వంటింట్లోనే వదిలేశారు. అందుకే అవి మిగిలాయి.

ఎందుకంటే కాసేపటికి వీధిలోంచి మేక ఒకటి పెరట్లోకొచ్చింది. అందినంత మేర బీన్స్ లాగి నమిలింది. పోలినాయుడు చూస్తూనే ఉన్నాడు. ఆ తర్వాత అది పంట్లాం జేబు కొరికి క్యారెట్లు కూడా తిన్నది.

"తోలరా!" అని అరిచాడు గవరయ్య.

"ఎందుకన్నయ్యా? కూరగాయలు మాంసంలో కలవాలని కదా పిన్ని అంది. ఇది తనంతట తనే కలుపుకుంటోంది" అన్నాడు పోలినాయుడు.

గవరయ్య ఆలోచించాడు. "నిజమే. మనకో పని తగ్గింది."

ఎలాగైతేనేం, ఉల్లిపాయలూ రెండు బుంగమిరపకాయలూ దక్కాయి. "ఉల్లిపాయలు సన్నగా తరగాలిరోయ్!" అని గోడ మీంచి కేక వచ్చింది.

సన్యాసిరావు తన పొట్ట చూసుకున్నాడు. గవరయ్య కూడా తన పొట్ట చూసుకున్నాడు. ఇద్దరూ పోలినాయుడి వైపు తిరిగారు.

"మేం లావు. నువ్వే సన్నగా ఉన్నావు. తరుగు" అన్నాడు సన్యాసిరావు.

పోలినాయుడు ఊపిరి బిగబట్టి పొట్ట ఇంకా లోపలికి లాక్కుని, ఒక్కో ఉల్లిపాయనీ రెండేసి చెక్కలుగా కోశాడు. కోసింది సన్నటివాడు కాబట్టి ముక్కలు ఎంత లావుగా ఉన్నా ఎవరూ తప్పు పట్టలేదు.

"మాంసానికి ఉప్పూ కారం, అల్లంవెల్లుల్లి ముద్ద బాగా పట్టించి అరగంట పక్కన పెట్టండి!"

పట్టించడం బాగానే పట్టించారు. తర్వాతే వచ్చింది గొడవ.

"ఎవరి పక్కన?" అన్నాడు గవరయ్య.

"పెళ్ళి నాది కదా, నా పక్కనే" అన్నాడు సన్యాసిరావు. చాప పరుచుకుని పడుకున్నాడు. మాంసం గిన్నెని పక్కన పెట్టుకున్నాడు. గిన్నెకి దిండు కూడా వేశాడు. అరగంట కళ్ళు మూసుకోకుండా పైకప్పు చూస్తూ ఉన్నాడు. పైడితల్లి తన వంట తింటే ఏమంటుందో, తినకపోతే ఏమంటుందో అని తనలో తనే లెక్కలేసుకున్నాడు. ఒకసారి గిన్నె మీద చెయ్యి వేసి, "కాస్త రుచిగా ఉండవే, నీకు దండం పెడతాను" అని మెల్లగా చెప్పాడు కూడా.

ఆరున్నర అయింది. పొయ్యి వెలిగించారు. పెనం వేడెక్కింది, నూనె వేశారు. చుయ్‌మని రెండు ముక్కలు పడ్డాయి. ఇంతవరకూ తప్పేమీ లేదు.

"పచ్చివాసన పోయేదాకా వేయించండి! దగ్గరుండి చూసుకోండి!" అంది పిన్ని.

అంతే, గవరయ్య తలుపులు బార్లా తీశాడు. సన్యాసిరావు కిటికీ తెరిచాడు. "పోలీ, నువ్వు వాసన దగ్గరుండు. పూర్తిగా పోయిందో లేదో చూసి రా" అన్నాడు. పోలినాయుడు ముక్కు ఎగబీలుస్తూ వాసన వెనకాలే బయల్దేరాడు. వాసన వాకిలి దాటింది, వీధి దాటింది. కిళ్ళీబడ్డీ దగ్గర కాస్త నిలబడింది. తర్వాత బస్టాండు వైపు వెళ్ళింది. వెనకాలే ఇతనూ వెళ్ళాడు.

అప్పుడే బస్సు వచ్చి ఆగింది. ఖాకీ చొక్కా వేసుకున్న కండక్టరమ్మ దిగింది. ఆవిడ వెనకాల గొడుగు పట్టుకున్న పెద్దాయన ఒకాయన దిగాడు. డ్యూటీ అయిపోయినట్టుంది, సంచీ ఇంకో కండక్టరుకి అప్పజెప్పింది.

"అమ్మా, మా ఇంటి పచ్చివాసన ఇటొచ్చింది. మీ బస్సు గానీ ఎక్కిందా?" అని అడిగాడు పోలినాయుడు.

ఆవిడ అతన్ని పైనుంచి కిందికి చూసింది. "నా బస్సులో టికెట్టు లేకుండా ఎవరూ ఎక్కరు. ఎవరిదా ఇల్లు?"

"పిండిమర సన్యాసిరావుది. ఇవాళ మా అన్నయ్యకి పెళ్ళిచూపులు."

పెద్దాయన గొడుగు కింద పడేశాడు. ఆయన పైడితల్లి తండ్రి అప్పలసూరి. "అమ్మాయీ, ఇలాగే బస్సెక్కి వెళ్ళిపోదామా?" అన్నాడు.

"వచ్చాం కదా, చూసే పోదాం నాన్నా" అంది పైడితల్లి. ఆవిడ పెదవులు నవ్వుకి వణుకుతున్నాయి.

ఇక్కడ ఇంట్లో పరిస్థితి చెప్పాలి. వాసన వెంట వెళ్ళినవాడు రాలేదు. వాడు వచ్చి చెప్తేగాని ముక్క తిప్పకూడదని సన్యాసిరావు గరిటె పట్టుకుని నిలబడే ఉన్నాడు.

"ఉప్పు చూశారట్రా?" అని అడిగింది పిన్ని.

ఇద్దరూ ఉప్పు డబ్బా మూత తీసి చూశారు.

"చూశాం పిన్నీ. ఉంది."

"సరిపోయిందా?"

"డబ్బాకి సరిగ్గా సరిపోయింది."

ఇంతలో పెనం మీంచి నల్లటి పొగ లేచింది. గోడ దాటి దాలమ్మ ముక్కుకి తగిలింది. "మాడిపోతోందిరోయ్! స్టౌ కట్టెయ్యండి! తొందరగా కట్టెయ్యండి!"

ఇంకేముంది! గవరయ్య పరుగున వెళ్ళి నూతి చేద తాడు తెచ్చాడు. సన్యాసిరావు ఒక కొస పట్టుకున్నాడు. స్టౌని అటు మూడు చుట్లు, ఇటు మూడు చుట్లు చుట్టి, పెనంతో సహా కిటికీ ఊచలకి కట్టేశారు. మంట మండుతూనే ఉంది. తాడు అంటుకుంది.

"పిన్నీ, కట్టేశాం! అయినా గింజుకుంటోంది!"

"ఇంకా గట్టిగా కట్టెయ్యండిరా!" అని అరిచింది పాపం ఆవిడ.

"తాడే లేదు! గవరయ్యా, నీ పంచె విప్పరా!"

గవరయ్య పంచె మీద చెయ్యి వేశాడో లేదో, గుమ్మంలోంచి పీ...మని ఈల మోగింది. ఇద్దరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. పైడితల్లి రెండంగల్లో లోపలికొచ్చి, గ్యాసు మీట తిప్పి, బిందెడు నీళ్ళు తాడు మీద కుమ్మరించింది. పొగ, ఆవిరి, మసి. మసి మధ్యలో గరిటె పట్టుకుని సన్యాసిరావు.

"నేనే అండీ పెళ్ళికొడుకుని" అన్నాడు దగ్గుతూ.

పోలినాయుడి వెంట వచ్చిన అప్పలసూరి గుమ్మంలోనే ఉండి, "పద తల్లీ" అన్నాడు. పైడితల్లి కదల్లేదు. సన్యాసిరావు మొహం వైపే చూస్తోంది. "మిమ్మల్ని ఎక్కడో చూశాను."

"బస్సులోనండీ. ముందుకి జరగమన్నారు. జరిగాను."

"ఆ రోజు దిగిపోయినాయన మీరేనా! మరి ఆగమని అరవలేదేం?"

"జరగమన్నారు గానీ అరవమని మీరు చెప్పలేదు కదండీ" అన్నాడు సన్యాసిరావు. కళ్ళు కిందికి దించుకున్నాడు. "ఇవాళా అంతే. పిన్ని ఏం చెబితే అది చేశాను. ఎందుకు పాడైందో తెలీడం లేదు. మీరు అలిసిపోయి వస్తారని, వేడివేడిగా పెడదామని చాలా అనుకున్నాను."

పైడితల్లి పెనం వైపు చూసింది. తర్వాత చొక్కా చేతులు పైకి మడిచింది. తాడు విప్పించి, మాడిన రెండు ముక్కలూ తీసి పారేసి, స్టౌ మళ్ళీ వెలిగించింది. గిన్నెలో మిగతా మాంసమంతా ఉంది. బంగాళాదుంపలున్నాయి, బుంగమిరప ఉంది, చెక్కలు కోసిన ఉల్లిపాయలున్నాయి.

"నేను చెప్తాను, మీరు చెయ్యండి. ఎడమచేత్తో దుంప పట్టుకోండి. కుడిచేత్తో కత్తి పట్టుకోండి. మీ చిటికెనవేలంత మందంగా చక్రాలు కొయ్యండి. వేలు కొయ్యొద్దు."

సన్యాసిరావు కోశాడు. ఒక చక్రానికీ ఇంకో చక్రానికీ వెంట్రుకంత తేడా లేదు.

"ఇప్పుడు మాంసం ముక్కలు పెనం మీద పరవండి. అరవై లెక్కపెట్టండి. గరిటెతో తిప్పండి. మళ్ళీ అరవై."

సన్యాసిరావు అరవై దగ్గర తిప్పాడు. యాభైతొమ్మిది కాదు, అరవై ఒకటి కాదు. మాంసం రెండు వైపులా ముదురు ఎరుపుకి వచ్చింది. అది తీసి పళ్ళెంలో పెట్టి, అదే నూనెలో దుంపలూ ఉల్లీ బుంగమిరపా వేయించారు. చివర్లో మిరియాల పొడి, నిమ్మరసం. పావుగంటలో ఘుమఘుమలాడుతూ పెనం నిండా వేపుడు! గోడ అవతల దాలమ్మ పిన్ని, "అదీ! నేను చెప్పినట్టు చేశారు కాబట్టి కుదిరింది" అని మురిసిపోయింది.

పైడితల్లి ఒక ముక్క నోట్లో వేసుకుంది. నమిలింది. కళ్ళు మూసుకుంది. "నాన్నా, రోజూ వందమందికి చెప్తాను, ముందుకి జరగండనీ, చిల్లర తియ్యండనీ. ఒక్కడు వినడు. ఈయన చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. నాకీ సంబంధం ఇష్టమే."

సన్యాసిరావు చేతిలో గరిటె జారిపోయింది. తమ్ముళ్ళిద్దరూ ఎగిరి గంతేశారు. అన్నం వార్చారు, ఆకులు వేశారు.

"మావగారూ, రండి, కూర్చోండి" అన్నాడు సన్యాసిరావు.

అప్పలసూరి ఉస్సురన్నాడు. "ఇంకేం తింటాను బాబూ. ఆ పొగా ఆ గోలా చూసేసరికే నా ఆకలి చచ్చిపోయింది."

వడ్డించబోతున్న గవరయ్య అన్నం గిన్నె కింద పెట్టేశాడు.

"ఎప్పుడండీ?" అన్నాడు సన్యాసిరావు.

"ఇందాకే, గుమ్మంలో ఉండగా."

"అయ్యో, మా గుమ్మంలోనే పోయిందా!"

అంతే. గవరయ్య గొల్లుమన్నాడు. పోలినాయుడు పెనం తీసుకెళ్ళి పెరటి గోడ మీద పెట్టేశాడు, చావు జరిగిన ఇంట్లో వండింది తినకూడదని. ముగ్గురూ పెరట్లో కుళాయి కింద బట్టలతోనే మునిగి, నీళ్ళోడుతూ వచ్చి నిలబడ్డారు.

"ఎవరు పోయారురా?" అని గోడ అవతల్నుంచి దాలమ్మ కేక.

"మావగారి ఆకలి పిన్నీ! నిండా గంటన్నా ఉండలేదు మనింట్లో!"

సన్యాసిరావు చేతులు కట్టుకుని పైడితల్లి ముందుకొచ్చాడు. ఏడుపు ఆపుకుంటున్నాడు. "అమ్మాయిగారూ, మీరు సరే అన్నారు. నా జన్మకి అది చాలు. కానీ ఇంట్లో చావు జరిగింది. ఏడాది తిరిగేదాకా శుభకార్యం చెయ్యకూడదు కదండీ."

అప్పలసూరి నోరు తెరిచాడు. పైడితల్లి మాత్రం చప్పున అంది: "ఆకలి సంగతి మీకు తెలీదు. అది చచ్చినా మళ్ళీ పుడుతుంది. పుట్టిందా, మైల ఉండదు."

అంతే, ముగ్గురూ అప్పలసూరి చుట్టూ కూర్చుని ఆయన పొట్ట వైపే చూస్తూ ఉండిపోయారు. పెరటి గోడ మీంచి గాలి తిరిగింది. మిరియాలూ నిమ్మరసం కలిసిన వాసన లోపలికొచ్చింది. అప్పలసూరి గుటక వేశాడు. ఇంకోసారి గుటక వేశాడు. సిగ్గుపడుతూ, "ఏటోనమ్మా, ఈ వాసనకి మళ్ళీ ఆకలి పుట్టింది" అన్నాడు.

"పుట్టింది! పుట్టింది!" అని పోలినాయుడు వీధిలోకి పరుగెత్తాడు. "పిన్నీ, మావగారికి పుట్టింది! ఇద్దరూ కులాసా!" గవరయ్య గోడ మీది పెనం లోపలికి తెచ్చి, నీళ్ళు కాచాడు. సన్యాసిరావు ఆనందబాష్పాలు తుడుచుకుంటూ పెద్దాయన రెండు చెవుల్లో దూది పెట్టాడు, తలకి తువ్వాలు బిగించి కట్టాడు, మంచమెక్కించి గొంగళీ కప్పాడు. మంచం కింద సాంబ్రాణి పొగ వేశారు.

"అన్నం పెట్టండి బాబూ, ఆ వేపుడు పెట్టండి" అని దీనంగా అడిగాడు అప్పలసూరి.

"అమ్మమ్మమ్మా! పచ్చి బాలింతరాలు, మాంసం ముట్టుకోవచ్చా?" అని సన్యాసిరావు పెనాన్ని ఆయనకి అందకుండా అవతలికి జరిపాడు. నవ్వి నవ్వి గోడకి చేరబడ్డ పైడితల్లికి ఆకు నిండా వేపుడు వడ్డించి, మావగారి పళ్ళెంలో మెత్తటి అన్నం, కాస్త నెయ్యి, రెండు కాల్చిన వెల్లుల్లి రేకలు పెట్టి, చెవిలో దూది కాస్త పక్కకి తీసి మెల్లగా అడిగాడు:

"మావగారూ, ఇంతకీ ఆడపిల్లా, మగపిల్లాడా?"